సక్కర్ ఫిష్ అసలు పేరేమిటి?



జూలైలో జరిగిన పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక, ఒక బాబు వాళ్ల నాన్నగారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు. “మేడం, మీరు సైన్స్ టీచర్ కదా, ఒక్క మాట” అన్నారు. రెండేళ్ల కిందట బాబు పుట్టినరోజుకి చిన్న అక్వేరియం కొన్నారట. అందులో అద్దానికి అతుక్కుని పాచి తినే సక్కర్ ఫిష్ ఒకటుంది. కొన్నప్పుడు చిటికెన వేలంత ఉండేది, ఇప్పుడు జానెడు దాటింది. అటు తిరిగితే తోకకు మొక్క ఊడుతోంది, ఇటు తిరిగితే రాయి దొర్లుతోంది. “చంపబుద్ధి కావట్లేదు మేడం. ఆదివారం తీసుకెళ్లి చెరువులో వదిలేద్దామనుకుంటున్నాం. అక్కడైనా హాయిగా బతుకుతుంది. అంతే కదా?”

వెనక ఇంకా ఏడెనిమిది మంది లైన్లో ఉన్నారు. “మంచిదే కదండీ” అనేశాను.

ఇంటికి వెళ్లాక మనసులో ఏదో అనుమానం. బీఈడీలో మెథడాలజీ పరీక్షకు చదివినంత శ్రద్ధగా ఆ రాత్రి సక్కర్ ఫిష్ గురించి చదివాను. నేను చెప్పిన సలహా తప్పని అప్పుడు తెలిసింది. పొద్దున్నే ఆఫీసులో నంబర్ తీసుకుని ఆయనకు ఫోన్ చేశాను. అదృష్టం, అప్పటికింకా శనివారమే. చేప అక్వేరియంలోనే ఉంది.

ఈ నెల న్యూస్‌లెటర్‌కి నన్ను రాయమన్నది సైన్స్ ప్రాజెక్టులు ఇంట్లో ఎలా చేయించాలి అని. దాని బదులు ఈ సంగతి రాస్తానని అడిగి ఒప్పించుకున్నాను. ఎందుకంటే ఆ తర్వాత క్లాసులో “మీ ఇంట్లో ఎవరికి అక్వేరియం ఉంది?” అని అడిగితే చాలా చేతులు లేచాయి. “అందులో ఉన్న చేపల పేర్లు చెప్పండి” అంటే గోల్డ్ ఫిష్, సక్కర్ ఫిష్, షార్క్ దగ్గరే ఆగిపోయారు. ఈ మూడింటిలో గోల్డ్ ఫిష్ ఒక్కటే ఒక చేప పేరు. సక్కర్ అన్నది నోటి ఆకారం. షార్క్ అన్నది వ్యాపారం కోసం పెట్టిన పేరు. మిగతా రెండూ నిజానికి క్యాట్‌ఫిష్‌లు.

ముందు అది క్యాట్‌ఫిషేనా?

పిల్లికి ఉన్నట్టు మూతి చుట్టూ మీసాలు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషులో ఆ పేరు వచ్చింది. ఇవి ప్రపంచంలో మూడు వేల జాతులకు పైనే ఉన్నాయి. ఒక జాతి అరచేతిలో పదిపట్టేంత చిన్నది, ఇంకోటి మనిషి కంటే పొడవు. ఇన్ని రకాలున్నా గుర్తుపట్టడానికి మొదట చూడాల్సినవి రెండే, మీసాలూ చర్మమూ.

మీసాలు అలంకారం కాదు. వాటి నిండా రుచి తెలిసే కణాలు ఉంటాయి. బురద నీటిలో, చీకట్లో క్యాట్‌ఫిష్ కళ్లకంటే మీసాలనే ఎక్కువ నమ్ముకుంటుంది. అయితే మీసాలు ఉన్నదల్లా క్యాట్‌ఫిష్ కాదు. బంగారు తీగకీ చిన్న మీసాలుంటాయి. అందుకే చర్మం కూడా చూడాలి. రోహును తోమితే పొలుసులు ఎగిరి వంటింటి గోడకు అంటుకోవడం మీకు తెలుసు. జెల్లను తోమేటప్పుడు అలా కాదు, దొడ్డుప్పో బూడిదో వేసి జిగురు పోయేదాకా రుద్దుతారు. క్యాట్‌ఫిష్‌కి పొలుసులు ఉండవు. ఒంటి చర్మం నున్నగా అయినా ఉంటుంది, లేదా పలకలు పేర్చిన కవచంలా అయినా ఉంటుంది.

ఇంకో గుర్తు కూడా ఉంది గానీ దాన్ని చూసి తెలుసుకోవాలే తప్ప ముట్టుకుని కాదు. చాలా క్యాట్‌ఫిష్‌లకు వీపు రెక్క ముందు ఒకటి, పక్క రెక్కల ముందు ఒక్కొక్కటి గట్టి ముల్లు ఉంటుంది. భయపడితే వాటిని నిక్కించి బిగించేస్తాయి. వలలో చిక్కినప్పుడు లాగితే వల చిరుగుతుంది, లేదా చేప రెక్క విరుగుతుంది. అక్వేరియం వలలో ఇరుక్కుంటే లాగకండి. చేపను నీళ్లలోనే ఉంచి, వల దారాన్ని కత్తెరతో కత్తిరించండి. పది రూపాయల వల పోతే పోయింది.

షాపుల్లో సక్కర్ పేరుతోనే అమ్మే ఇంకో చేప ఉంది, చైనీస్ ఆల్గే ఈటర్. సన్నగా, పక్కన నల్ల చారతో ఉంటుంది, అద్దానికి అతుక్కుంటుంది. కానీ దానికి పొలుసులున్నాయి, మీసాలు లేవు. అది క్యాట్‌ఫిష్ కాదు. పెద్దయ్యాక పాచి మానేసి మిగతా చేపల ఒంటి మీదికి వెళ్లడం దాని అలవాటు. గోల్డ్ ఫిష్ ఒంటి మీద కారణం తెలియకుండా గాట్లు పడుతున్నాయంటే ముందు దీన్ని అనుమానించండి.

ఒక పేరు కింద ఎన్ని చేపలో

ఇక సక్కర్ ఫిష్ సంగతి. దీని ఇంగ్లీషు ముద్దుపేరు ప్లీకో. ప్లెకోస్టమస్ అన్న మాటకి ఇది కుదింపు, గ్రీకులో మడతల నోరు అని అర్థం. లిన్నేయస్ 1758లో దక్షిణ అమెరికా చేప ఒకదానికి ఈ పేరు పెట్టాడు. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం హైపోస్టమస్ ప్లెకోస్టమస్. తమాషా ఏమిటంటే, ఆ పేరుతో షాపుల్లో దొరికే చేప చాలాసార్లు అది కాదు. దాని దాయాది, టెరిగోప్లిక్తిస్ అనే ప్రజాతికి చెందినది. పలకడానికి కష్టమే, మా పిల్లలు మాత్రం రెండు రోజుల్లో నేర్చేసుకుని కారిడార్‌లో ఒకరినొకరు అలా పిలుచుకుంటున్నారు.

ఈ రెండింటికీ తేడా ఇంట్లోనే తేల్చుకోవచ్చు. చేప వీపు రెక్క విప్పినప్పుడు ఫోన్‌తో పక్కనుంచి ఫొటో తీయండి. రెక్కలో ఆకుకి ఉన్నట్టు ఈనెలు కనిపిస్తాయి. మొదటి గట్టి ముల్లును వదిలేసి మిగతావి లెక్కపెట్టండి. ఏడు ఉంటే హైపోస్టమస్. తొమ్మిది, అంతకంటే ఎక్కువ ఉంటే టెరిగోప్లిక్తిస్. అంతే. ఒంటి మీది మచ్చలూ రంగూ చూసి తేల్చాలనుకుంటే మోసపోతాం, అవి వయసుతో మారతాయి. పొట్ట మీద చుక్కలు విడివిడిగా ఉంటే ఒక జాతి, కలిసిపోయి పురుగు గీతల్లా ఉంటే ఇంకో జాతి అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, ఈ జాతులు ఒకదానితో ఒకటి కలిసి పుట్టిన పిల్లలు కూడా ఉన్నాయి. కాబట్టి ప్రజాతి వరకు తేలితే మనకు చాలు.

ఎందుకు చాలంటే, టెరిగోప్లిక్తిస్ అని తేలగానే ఒక్క విషయం ఖాయమవుతుంది. అది అడుగున్నర దాకా పెరిగే చేప, పదేళ్లకు పైగా బతకగల చేప. రెండడుగుల అక్వేరియం దానికి ఎప్పటికీ సరిపోదు. “తొట్టి ఎంత ఉంటే చేప అంతే పెరుగుతుంది” అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఇరుకులో పెరుగుదల కుంటుపడటం నిజమే. అది చేప సర్దుకుపోవడం కాదు, ఆరోగ్యం చెడటం.

ఇంకో నమ్మకం, సక్కర్ ఫిష్ మిగతా చేపల మలం తిని ట్యాంకు శుభ్రం చేస్తుందని. తినదు. పాచి, అడుగున పడ్డ మేత తింటుంది, తిన్నదానికి తగ్గట్టు తానే పొడుగాటి తాళ్లలా మలం వదులుతుంది. ట్యాంకు శుభ్రం చేయాల్సింది మీరే, లేదా మీ అబ్బాయి.

పాచి తినే చిన్న చేపే కావాలంటే, అదే కుటుంబంలో రెండు మంచి రకాలున్నాయి. ఒకటి బ్రిసిల్‌నోస్, ఐదారు అంగుళాలు దాటదు. మగదానికి మూతి మీద కొమ్మల్లా చీలిన కుచ్చులు పెరుగుతాయి, చూస్తే మళ్లీ మర్చిపోరు. రెండోది ఓటోసింక్లస్, రెండంగుళాలు కూడా ఉండదు. కానీ ఇది కొత్త ట్యాంకులో ఆకలితో చచ్చిపోతుంది. పాచి బాగా పట్టిన పాత ట్యాంకులోకే తెచ్చుకోవాలి.

ఈ కుటుంబంలో కొత్త కొత్త చేపలు పట్టుబడే వేగానికి శాస్త్రవేత్తలు పేర్లు పెట్టలేకపోయారు. అందుకని 1988లో డాట్స్ అనే జర్మన్ అక్వేరియం పత్రిక ఒక ఉపాయం చేసింది. పేరు లేని ప్రతి చేపకీ ఫొటో వేసి, ఎల్ అక్షరం పక్కన ఒక నంబర్ ఇచ్చింది. మన హాల్ టికెట్ నంబర్ లాగానే అనుకోండి. నలుపూ తెలుపూ చారలతో ఉండే జీబ్రా ప్లీకో ఎల్ 46గానే లోకానికి తెలిసింది, శాస్త్రీయ నామం 1991లో వచ్చింది. ఒకే చేప రెండు చోట్ల దొరికితే రెండు నంబర్లు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఎల్ 1, ఎల్ 22 రెండూ ఒకటే జాతి అని తర్వాత తేలింది. పెద్ద అక్వేరియం షాపుల్లో ధర పక్కన ఇలాంటి నంబర్ కనిపిస్తే ఇక మీకు అర్థమవుతుంది. నంబర్ ఉందంటే దాని గురించి వెతికి చదువుకునే వీలుందన్నమాట.

అడుగున తిరిగే బుజ్జి చేపలు

నా సొంత నష్టం ఒకటి చెప్పాలి. బీఈడీ చదివే రోజుల్లో రూమ్‌లో ఒక చిన్న ట్యాంకు పెట్టుకున్నాను. షాపులో “కింద తిరిగే చేపలు మేడం, పడిపోయిన మేత తింటాయి” అని మూడు ఇచ్చారు. పేరు అడిగితే “క్యాట్‌ఫిషే” అన్నారు. రంగుల గులకరాళ్లు కూడా అక్కడే కొన్నాను, అంచులు కోసుకునేంత పదునుగా ఉండేవి. రెండు నెలల్లో చేపల మీసాలు అరిగి మొద్దులైపోయాయి. తర్వాత ఒక్కొక్కటే పోయాయి. అవి కోరిడోరస్‌లని నాకు ఆ తర్వాత ఏడాదికి గానీ తెలియలేదు. పేరు తెలిసి ఉంటే ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది, ఆ చేపలకు మెత్తటి ఇసుక కావాలని, ఆరుకు తక్కువ కాకుండా గుంపుగా ఉండాలని.

కోరిడోరస్‌ని గుర్తుపట్టడం తేలిక. రెండు మూడు అంగుళాల పొడవు, ఎత్తైన వీపు, చదునైన పొట్ట, పక్కల రెండు వరుసల పలకలు. కింది రెక్కల మీద కూర్చున్నట్టు ఆగుతుంది, కళ్లు మాత్రం అటూ ఇటూ తిప్పుతుంది. షాపుల్లో ఎక్కువగా దొరికేవి కంచు రంగుది, తెల్లటి అల్బినో, మిరియాలు చల్లినట్టుండే పెప్పర్డ్, కళ్ల మీద నల్ల పట్టీ ఉండే పాండా. పెప్పర్డ్ కోరిడోరస్‌ని బీగిల్ ఓడ ప్రయాణంలో సేకరించింది చార్లెస్ డార్వినే. 1842లో దాన్ని వర్ణించి పేరు పెట్టారు. మీ ట్యాంకులో అది ఉంటే, టెన్త్ క్లాస్ జీవపరిణామం పాఠం మొదలుపెట్టడానికి అంతకంటే మంచి సాకు దొరకదు.

ఈ చేప అప్పుడప్పుడు ఒక్కసారిగా పైకి దూసుకొచ్చి గాలి మింగి మళ్లీ కిందికి పోతుంది. జబ్బు కాదు. మింగిన గాలిలోంచి పేగుల ద్వారా ఆక్సిజన్ తీసుకునే ఏర్పాటు దానికుంది. గంటకి పదేపదే చేస్తుంటే మాత్రం నీళ్లు మార్చే సమయమైందని అర్థం.

తలకిందులుగా ఈదే చేపను చూసి ఒక పాప “మేడం, చచ్చిపోతోంది” అని ఏడుపు మొహం పెట్టిందట వాళ్ల ఇంట్లో. అది సైనోడోంటిస్, ఆఫ్రికాలో కాంగో నది చేప. ఆకుల అడుగుభాగంలో పురుగుల్ని తినడానికి అలా ఈదడం దానికి సహజం. మామూలు చేపకి వీపు నలుపు, పొట్ట తెలుపు. దీనికి పొట్టే ముదురు రంగు. దాని పేరులోని రెండో మాట నైగ్రివెంట్రిస్‌కి అర్థం నల్ల పొట్ట అనే.

గాజులా ఉండే గ్లాస్ క్యాట్‌ఫిష్ కథ ఇంకా బాగుంటుంది. ఎముకలు కూడా కనిపించే ఈ చేపని లోకమంతా ఏళ్ల తరబడి పెంచింది, కానీ తప్పుడు పేరుతో. వేరే జాతుల పేర్లనే దీనికి తగిలించి పుస్తకాల్లో రాసుకున్నారు. చివరికి 2013లో హియోక్ హీ ఎంగ్, మోరిస్ కొటెలాట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇది ఇంతవరకు పేరే లేని జాతి అని తేల్చి, క్రిప్టోప్టెరస్ విట్రియోలస్ అని పెట్టారు. థాయిలాండ్ చేప. అంతమంది కళ్ల ముందున్న చేపకే అలా జరిగితే, షాపు బోర్డు మీది పేరును మనమెంత నమ్మాలో మీరే ఆలోచించండి.

షార్క్ కాని షార్క్

వెండి రంగులో, కొండెక్కిన వీపు రెక్కతో, ట్యాంకులో అటూ ఇటూ పరుగెత్తే చేపని బ్లాక్ షార్క్ అనీ, తెల్లదైతే వైట్ షార్క్ అనీ అమ్ముతారు. మూతి దగ్గర చూడండి, రెండు జతల చిన్న మీసాలు. ఇది క్యాట్‌ఫిష్. అసలు పేరు పంగాసియానోడాన్. కొత్తగా ఉందా? ఆదివారం చేపల మార్కెట్‌లో ముల్లు తక్కువని మీరు కొనే పంగాస్ ఇదే! ఆంధ్రా చెరువుల్లో టన్నుల కొద్దీ పెంచేది, చాలా హోటళ్లలో బాసా ఫిల్లెట్ అని వడ్డించేది కూడా ఇదే. మెకాంగ్ నదిలో మీటరు దాటి పెరుగుతుంది. పిల్ల రెండంగుళాలున్నప్పుడు ముప్పై నలభై రూపాయలకి ఇస్తారు. దాన్ని ఏ ఇంటి అక్వేరియంలోనూ పూర్తిగా పెంచలేం, కాబట్టి కొనకపోవడమే మేలు. తోక ఎర్రగా ఉండే రెడ్ టెయిల్ క్యాట్‌ఫిష్ కూడా ఇదే కోవ. చిన్నప్పుడు ఎంత ముద్దుగా ఉంటుందో, పెద్దయ్యాక అంత మంచం కావాలి.

మన చేపల పేర్లు

పిల్లలకి క్యాట్‌ఫిష్ అంటే అమెజాన్ చేప అనే అనుకుంటారు. మన చెరువులో ఉన్నవీ అవే అని చెబితే నమ్మలేదు. అందుకని “మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి పేర్లు రాసుకు రండి” అని హోంవర్క్ ఇచ్చాను. మర్నాడు వచ్చిన నోట్‌బుక్కులు నేను దాచుకున్నాను.

మన గడ్డపోతారం సంగతి మీకు తెలియనిది కాదు. కంపెనీల్లో పనికి బీహార్ నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ప్రతి క్లాసులో ఉన్నారు. తెలుగు ఇళ్ల నుంచి జెల్ల, మార్పు, వాలుగ, ఇంగిలాయి అని వస్తే, వాళ్ల ఇళ్ల నుంచి టెంగ్రా, మాగుర్, బోయాల్, సింఘీ అని వచ్చాయి. బోర్డు మీద పక్కపక్కన రాసి చూస్తే అవే చేపలు! టెంగ్రా మన జెల్ల. మాగుర్ మన మార్పు. బోయాల్ మన వాలుగ. సింఘీ మన ఇంగిలాయి. ఒక నానమ్మ అయితే ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే ఎంత సలుపుతుందో కూడా రాయించి పంపారు. ఆవిడ చెప్పింది నిజం, ఆ ముల్లుకి విషం ఉంటుంది.

మార్పుకీ ఇంగిలాయికీ తేడా వీపు చూస్తే తెలుస్తుంది. మార్పుకి వీపు రెక్క తల వెనక మొదలై తోక దాకా పొడుగ్గా సాగుతుంది. ఇంగిలాయికి వీపు మీద చిన్న ముక్క రెక్క మాత్రమే. రెండూ గాలి పీల్చగలవు, కాబట్టే బకెట్‌లో మూడు వేళ్ల నీళ్లున్నా బతికే ఉంటాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది వేరే. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద పుస్తకం రాసినప్పుడు అక్కడివాళ్లు పిలిచే మాగుర్, టెంగరా అన్న పేర్లనే శాస్త్రీయ నామాల్లో పెట్టేశాడు. తెలుగుకీ ఆ గౌరవం దక్కింది. 1803లో పాట్రిక్ రసెల్ విశాఖపట్నం తీరంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మల పుస్తకం అచ్చయింది, అందులో చేపలకి తెలుగు పేర్లు రాసి ఉన్నాయి. వాలుగ ప్రజాతి పేరు ఇవాళ ప్రపంచమంతా వల్లాగో. మన వాలుగే. ఒక సముద్రపు జెల్లకి 1877లో ఫ్రాన్సిస్ డే పెట్టిన పేరు ఏరియస్ జెల్లా. ఇంగ్లీష్ మీడియం టీచర్‌ని నేనే చెబుతున్నాను, ఈ ఒక్క చోట పిల్లలు లాటిన్ పేరు పలకాలంటే ముందు తెలుగు నేర్చుకోవాలి.

చెరువులో ఎందుకు వద్దు?

ఇప్పుడు ఆ నాన్నగారి ప్రశ్నకి వస్తాను. ఆయన ఉద్దేశం మంచిదే. నోరులేని జీవిని వదిలితే పుణ్యమని మనమంతా అనుకుంటాం. కానీ టెరిగోప్లిక్తిస్ మన చెరువులో హాయిగా బతుకుతుందన్నది నిజం, చిక్కంతా అక్కడే ఉంది.

దాని ఒంటికి కవచం, ముళ్లు. కొంగ మింగలేదు, వాలుగ కొరకలేదు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగి సరిపెట్టుకుంటుంది. నీటి బయట కూడా గంటల తరబడి బతికి ఉంటుంది. మన ప్రాంతంలో చెరువుల్లో చేపలు చచ్చి తేలిన వార్తలు మీరు చదివే ఉంటారు, 2017లో గండిగూడెం చెరువు సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నీళ్లు చెడినప్పుడు ముందు పోయేవి రోహు, బొచ్చె. గాలి మింగగల చేపకి మిగతావాటి కంటే బతికే అవకాశం ఎక్కువ. మగచేప గట్టులో బొరియ తవ్వుతుంది, ఆడది అందులో గుడ్లు పెడుతుంది. గట్టు గుల్లవుతుంది. వలలో పడితే ముళ్లకి చిక్కి వల చిరుగుతుంది. జాలరులు దీన్ని దెయ్యం చేప అంటున్నారు. కిలోకి పది రూపాయలు కూడా రాని చేపని విడిపించడానికి వేల రూపాయల వల కోసుకునేవాళ్లు ఇంకేమంటారు?

హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీటి వనరుల్లో దీని జాడ వెతికారు. చేపని పట్టకుండా, నీటిలో అది వదిలిన డీఎన్ఏని బట్టి కనిపెట్టే పద్ధతి. పరిశీలించిన వాటిలో దాదాపు 60 శాతం చోట్ల అది ఉందని 2024లో బయటికొచ్చింది. దక్షిణ అమెరికా నుంచి అది ఈదుకుంటూ రాలేదు. అక్వేరియాల కోసం వచ్చింది, అక్కణ్ణుంచి నీళ్లలోకి చేరింది.

2016 నుంచి ప్రభుత్వం మన చెరువుల్లో ఉచితంగా చేప పిల్లల్ని వదులుతోంది. వాటి మీద బతికే ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల పిల్లలు కొందరు మన స్కూల్లోనే చదువుతున్నారు. జాలి పడి వదిలిన ఒక చేప భారం వాళ్ల వలల మీద పడుతుంది.

ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ విషయంలో అయితే చట్టమే ఉంది. థాయ్ మాగుర్ పేరుతో తిరిగే ఈ చేప పెంపకం మన దేశంలో నిషేధం. కొన్నిచోట్ల దీని తెల్ల పిల్లల్ని అక్వేరియం చేపగా కూడా అమ్ముతారు. పొడుగు వీపు రెక్క, నాలుగు జతల మీసాలు, వెడల్పాటి చదును తల ఉన్న చేప షాపులో కనిపిస్తే వదిలేసి రండి. అది ట్యాంకులో మిగతా అన్నిటినీ తినేస్తుంది, అది వేరే సంగతి.

మీ ఇంట్లో చేప పెద్దదైపోయి ఉంటే ముందు కొన్న షాపునే అడగండి, చాలామంది వెనక్కి తీసుకుంటారు, డబ్బులు ఇవ్వరు అంతే. పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకి ఇవ్వండి. చెరువు, కుంట, వాగు, డ్రైనేజీ ఏదీ వద్దు. చనిపోయిన చేపనైనా నీళ్లలో వేయకుండా మట్టిలో పూడ్చండి.

మందుల దగ్గర ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. తెల్ల మచ్చల జబ్బు వస్తే షాపులో ఇచ్చే మందు, ఉప్పు గోల్డ్ ఫిష్‌కి సరిపోయే మోతాదులో ఉంటాయి. పొలుసులు లేని క్యాట్‌ఫిష్‌కి, ముఖ్యంగా రాగి కలిసిన మందులు ఆ మోతాదులో ప్రమాదం. ట్యాంకులో క్యాట్‌ఫిష్ ఉందని, ఏ రకమో చెప్పి మరీ మందు అడగండి.

పేరు తేల్చుకోలేకపోతే పిల్లలతో మూడు ఫొటోలు తీయించండి. వీపు రెక్క విప్పి ఉన్నప్పుడు పక్కనుంచి ఒకటి, పైనుంచి తలదొకటి, అద్దానికి అతుక్కున్నప్పుడు నోరూ పొట్టా కనిపించేలా ఇంకోటి. ఫ్లాష్ వేయకండి, బెదిరిపోతుంది. పక్కన స్కేలు ఆనించి పెడితే పొడవు కూడా తెలుస్తుంది. ప్రింట్ తీసి డైరీలో పెట్టి పంపితే చాలు, శనివారం చివరి పీరియడ్‌లో క్లాసంతా కలిసి చూస్తున్నాం.

ఆ నాన్నగారి చేప ఇప్పుడు మా సైన్స్ ల్యాబ్‌లో నాలుగడుగుల ట్యాంకులో ఉంది. మొన్న పిల్లలు ఈనెలు లెక్కపెట్టారు. ఒకరు పదకొండన్నారు, ఇంకొకరు పన్నెండన్నారు, అది రెక్క ముడుచుకుని దుంగ వెనక్కి వెళ్లిపోయింది.